మీడియా కన్వర్టర్: పెట్టె చెడలేదు, జత కుదరలేదు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి. ఒకవైపు మామూలు నెట్‌వర్క్ కేబుల్, ఇంకోవైపు ఫైబర్ గుచ్చుకునే చిన్న డబ్బా, మీడియా కన్వర్టర్. చాలామంది చివర్లో "ఇది పోయినట్టుంది, కొత్తది కొనెయ్యమంటారా" అని రాశారు. ఆగండి, అప్పుడే కొనకండి. ఆ డబ్బాకి తెలివి తక్కువ, కరెంటు సంకేతాన్ని కాంతిగా, కాంతిని మళ్లీ కరెంటుగా మార్చడం తప్ప ఇంకేం తెలీదు, అందుకే అందులో పాడవడానికి కూడా పెద్దగా ఏమీ ఉండదు. తేడా ఎక్కువగా రెండు డబ్బాల మధ్యనే ఉంటుంది.

ప్రశ్న: మా ఆఫీసు రెండు భవనాల్లో నడుస్తోంది. కేబుల్ వెళ్లే దారి కొలిస్తే 190 మీటర్లు. క్యాట్ 6 కేబుల్ లాగాం కానీ లింక్ ఒకసారి వస్తుంది, ఒకసారి పోతుంది. ఫైబర్ వేసి రెండువైపులా మీడియా కన్వర్టర్లు పెట్టమంటున్నారు. ఏం తీసుకోవాలి, ఎలా కలపాలి? మొదటి నుంచి చెప్పండి.

జవాబు: రాగి తీగ మీద ఈథర్‌నెట్‌కి హద్దు 100 మీటర్లు, అది కూడా రెండు చివర్ల ప్యాచ్ కార్డులు, అంటే పెట్టెకి గుచ్చే పొట్టి కేబుళ్లు, కలుపుకుని. మీరు దానికి దాదాపు రెట్టింపు లాగారు, ఆ మాత్రం లింక్ వస్తున్నందుకే సంతోషించాలి. ఇంకో సంగతి, రెండు భవనాల ఎర్తింగ్ ఒకేలా ఉండదు, పిడుగు దగ్గర్లో పడితే ఆ తీగ వెంట వచ్చే దెబ్బకి రెండువైపులా పోర్టులు కాలిపోతాయి. గాజు పోగుకి ఆ బెడద లేదు. అయితే కొన్ని ఫైబర్ కేబుళ్లలో ఎలుకలు కొరక్కుండా ఉక్కు కవచమో, వేలాడదీయడానికి ఉక్కు తీగో ఉంటుంది, అది కరెంటుని మోస్తుంది కాబట్టి దానికి ఎర్తింగ్ ఇవ్వాలి. లోహం అసలు లేని కేబుల్ దొరికితే ఈ గొడవే ఉండదు.

ఇక ఎంపిక. ఫైబర్‌లో రెండు జాతులు. సింగిల్ మోడ్‌లో కాంతి నడిచే కోర్ 9 మైక్రాన్లు, మల్టీమోడ్‌లో 50 లేదా 62.5 మైక్రాన్లు. పైన ఉండే గాజు పొర రెండింటికీ 125 మైక్రాన్లే, అందుకే కంటితో చూస్తే తేడా తెలీదు, పైన తొడుగు రంగే ఆధారం: ప్యాచ్ కార్డు పసుపయితే సింగిల్ మోడ్, నారింజ లేదా లేత నీలి ఆకుపచ్చ అయితే మల్టీమోడ్. మీ 190 మీటర్లకి రెండూ సరిపోతాయి. నన్నడిగితే సింగిల్ మోడ్ వేయండి. రేపు స్పీడు 10 గిగాబిట్‌కి పెంచుకున్నా కేబుల్ తవ్వి మార్చక్కర్లేదు, రెండు చివర్ల పెట్టెలు మారిస్తే చాలు. అలాగే రెండు పోగులు (కేబుల్ లెక్కలో వీటినే కోర్లు అంటారు) కావాలి కదా అని రెండు కోర్ల కేబులే వేయకండి, కనీసం నాలుగు, వీలైతే ఆరు కోర్లది వేయండి. ఒకటి తెగితే పక్కది వాడుకోవచ్చు. తవ్వకం మళ్లీ మళ్లీ జరిగే పని కాదు.

కన్వర్టర్లు కొనేటప్పుడు మాత్రం ఒకటి గుర్తు పెట్టుకోండి, వీటిని విడివిడిగా కాదు, జతగా చూడాలి. స్పీడు ఒకటే కావాలి, ఎందుకంటే రాగి పోర్టులాగా 10, 100, 1000 మెగాబిట్లలో ఏది కుదిరితే అది అని ఫైబర్ వైపు సర్దుకోవడం ఉండదు, అటు 100 పెట్టె, ఇటు 1000 పెట్టె పెడితే ఎప్పటికీ మాట కలవదు. తరంగదైర్ఘ్యం సరిపోవాలి. ఫైబర్ జాతి సరిపోవాలి. కనెక్టరు మాత్రం రెండువైపులా వేర్వేరుగా ఉన్నా ఫరవాలేదు, ఒకవైపు పెద్ద చదరం ఎస్‌సీ, ఇంకోవైపు చిన్న ఎల్‌సీ ఉంటే దానికి తగ్గ ప్యాచ్ కార్డు తెచ్చుకుంటే సరి.

అన్నీ వచ్చాక వెంటనే గోడల్లోకి పోకండి. రెండు కన్వర్టర్లనూ ఒకే బల్ల మీద పెట్టి, చిన్న ప్యాచ్ కార్డుతో కలిపి, అటొక ల్యాప్‌టాప్, ఇటొక స్విచ్ పెట్టి నడిపి చూడండి. పది నిమిషాల పని. బల్ల మీద పనిచేసి గోడల మధ్య పనిచేయకపోతే దోషం కేబుల్‌దో, జాయింట్లదో అని అప్పుడే తేలిపోతుంది. ఈ పది నిమిషాలకి బద్ధకించి నేనొకసారి సగం రోజు నిచ్చెన ఎక్కుతూ దిగుతూ గడిపాను, తీరా చూస్తే నేను తెచ్చిన పెట్టెలు రెండూ ఒకే రకానివి. ఆ కథ కింద ప్రశ్నలో వస్తుంది.

బిగించేటప్పుడు ముందు ఫైబర్ కొసలు తుడవండి. మూత తీసిన కొత్త ప్యాచ్ కార్డయినా సరే తుడవాలి, మూతల్లో కూడా దుమ్ము ఉంటుంది. కోర్ 9 మైక్రాన్లు అన్నాను కదా, మన తల వెంట్రుకే దానికన్నా చాలా రెట్లు లావు, వేలిముద్ర జిడ్డు ఒక్కటి చాలు కాంతిని మింగేయడానికి. ఇందుకోసం పెన్నులా నొక్కితే చాలు తుడిచే క్లీనర్లు వస్తాయి. లేదంటే పీచు రాలని టిష్యూ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. చొక్కా అంచుతో తుడవడం, నోటితో ఊదడం వద్దు. తర్వాత ఒక చివర టీఎక్స్ (కాంతిని పంపే రంధ్రం) నుంచి బయల్దేరిన పోగు ఇంకో చివర ఆర్‌ఎక్స్ (కాంతిని అందుకునే రంధ్రం)లోకి వెళ్లేలా గుచ్చండి. ప్యాచ్ కార్డుని గట్టిగా మడవకండి, మామూలు సింగిల్ మోడ్ పోగుకి వంపు వ్యాసార్థం 30 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూడండి. మిగిలిన పొడవుని చిన్న చుట్టలుగా చుట్టి బిగించి కట్టే అలవాటు చాలామందికి ఉంది, కాంతి కారిపోయేది ఆ చుట్టల్లోనే. రాగి వైపు క్రాస్ కేబులా, స్ట్రెయిట్ కేబులా అన్న బెంగ అక్కర్లేదు, ఇప్పటి పెట్టెలు తమంతట తాము సర్దుకుంటాయి.

ప్రశ్న: అన్నీ కలిపాను. పవర్ లైటు వెలుగుతోంది, టీపీ లైటు వెలుగుతోంది, ఎఫ్‌ఎక్స్ అని రాసిన లైటు మాత్రం రెండు చివర్లా చచ్చినట్టు ఉంది. పెట్టె మార్చమంటారా?

జవాబు: టీపీ అంటే రాగి వైపు, ఎఫ్‌ఎక్స్ అంటే ఫైబర్ వైపు. రెండు చివర్లా ఎఫ్‌ఎక్స్ ఆరిపోయి ఉంటే నేను మొదట అనుమానించేది టీఎక్స్, ఆర్‌ఎక్స్ తారుమారు. ఇద్దరూ మాట్లాడుతున్నారు, వినేవాడు ఎవడూ లేడు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఒక్క చివర మాత్రమే రెండు కొసలూ అటుదిటు మార్చండి. రెండు చివర్లా మార్చారంటే ఎక్కడి గొంగళి అక్కడే. నవ్వకండి, ఫోన్లో ఇద్దరు మనుషులు రెండు భవనాల్లో ఉండి "మార్చాను", "నేనూ మార్చాను" అనుకుంటూ గంటలు గడపడం నా కళ్లతో చూశాను.

ఒకే పోగు మీద నడిచే పెట్టెలైతే మార్చడానికి రెండో కొస ఉండదు. అక్కడ ఒకటి 1310 నానోమీటర్ల మీద పంపి 1550 మీద వింటుంది, దాని జత 1550 మీద పంపి 1310 మీద వింటుంది. పెట్టె మీద ఏ, బీ అని గుర్తు వేసి ఉంటుంది. ఏ పక్కన బీ ఉండాలి. ఇందాక చెప్పిన నా సగం రోజు పోయింది ఇక్కడే, రెండూ ఏ తెచ్చుకున్నాను. అడుగున అంటించిన కాగితం చదివితే తెలిసిపోయేది, చదవలేదు.

అది కూడా సరిగ్గా ఉంటే ఈ వరుసలో చూడండి: ఒకటి సింగిల్ మోడ్, ఒకటి మల్టీమోడ్ కాదు కదా, ఒకటి 100, ఒకటి 1000 కాదు కదా, మధ్యలో ఎవరైనా పచ్చ కనెక్టరుని నీలం దానికి గుచ్చారా. పచ్చది ఏపీసీ, దాని గాజు ముఖం 8 డిగ్రీలు ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలం యూపీసీ నిటారుగా ఉంటుంది. రెండూ ఒకే కప్లర్‌లో, అంటే రెండు కొసల్ని కలిపే ముక్కలో, చక్కగా దూరతాయి కానీ లోపల ముఖాలు ఆనవు, మధ్యలో గాలి మిగిలిపోతుంది, పైగా గీతలు పడతాయి.

ఇన్నీ అయ్యాక కూడా లైటు రాకపోతే ఎర్ర కాంతి పెన్ను ఒక చివర పెట్టి ఇంకో చివర ఎరుపు కనబడుతోందేమో చూడండి, పోగు తెగిందీ లేనిదీ తెలిసిపోతుంది. జాయింటు బాగుందో లేదో మాత్రం అది చెప్పదు, దానికి కాంతి ఎంత అందుతోందో కొలిచే పవర్ మీటర్ కావాలి.

ప్రశ్న: మాకు ఒక చివర ఎఫ్‌ఎక్స్ వెలుగుతోంది, రెండో చివర వెలగట్లేదు. ఇదెలా సాధ్యం?

జవాబు: రెండు పోగుల లైనైతే ఒక పోగు బాగుండి రెండోది తెగి ఉండొచ్చు. కాంతి అందుతున్నవాడు లైటు వెలిగిస్తాడు, అందనివాడు ఆర్పేస్తాడు. అంటే ఆరిపోయిన చివర ఆర్‌ఎక్స్‌లోకి వచ్చే పోగుని పట్టుకోవాలన్నమాట, అది మొదలయ్యేది వెలుగుతున్న చివర టీఎక్స్ దగ్గర. పోగులు రెండూ బాగుంటే గిగాబిట్ పెట్టెల్లో ఇంకో తిరకాసు ఉంది. పక్కన వేలితో జరిపే చిన్న మీటలు, డిప్ స్విచ్‌లు ఉంటాయి, అందులో ఫైబర్ వైపు ఆటో లేదా ఫోర్స్ అనేది ఒకటి. ఒకవైపు ఫోర్స్, ఒకవైపు ఆటో పెడితే ఫోర్స్ వాడు కాంతి కనబడగానే లింక్ వచ్చేసిందని సంబరపడతాడు, ఆటో వాడు మాత్రం అవతలి నుంచి రావాల్సిన పలకరింపు కోసం కాచుకుని కూర్చుంటాడు, అది రాదు. ఎడ్డెమంటే తెడ్డెమనే జంట. రెండూ ఆటో, లేదా రెండూ ఫోర్స్ పెట్టండి, ఒక చివర కన్వర్టర్ లేకుండా ఫైబర్ నేరుగా స్విచ్‌లోకి వెళ్తుంటే ఆ స్విచ్‌లో కూడా ఇదే సెట్టింగు చూడండి.

ప్రశ్న: మా ఇంటికి ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు ఫైబర్ ఇచ్చి ఒక మోడెమ్ పెట్టారు. అది తీసేసి మీడియా కన్వర్టర్ పెట్టుకుని నా సొంత రౌటర్‌కి కలుపుకోవచ్చా?

జవాబు: చాలావరకు కుదరదు, ప్రయత్నించొద్దు కూడా. ఇళ్లకి వచ్చే ఫైబర్ ఎక్కువగా జీపాన్ పద్ధతిలో ఉంటుంది. ఒకే పోగుని దారిలో స్ప్లిటర్లతో చీల్చి చాలా ఇళ్లకి పంచుతారు. కిందికి వచ్చే డేటా 1490 నానోమీటర్ల మీద అందరికీ వస్తుంది, ఎవరిది వాళ్ల మోడెమ్ ఏరుకుంటుంది. పైకి పంపేటప్పుడు 1310 మీద, అవతల కంపెనీ గదిలో ఉన్న యంత్రం "ఇప్పుడు నీ వంతు" అన్నప్పుడు మాత్రమే ఒక్కో మోడెమ్ కాస్సేపు వెలిగి ఆరిపోతుంది. మీడియా కన్వర్టర్‌కి ఈ వంతుల సంగతి తెలీదు. అది ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. దాన్ని ఆ పోగుకి గుచ్చితే మీకు ఇంటర్నెట్ రాకపోవడం అటుంచి, అదే స్ప్లిటర్ మీద ఉన్న పక్కిళ్ల వాళ్లందరి లైనూ పడిపోవచ్చు. పెళ్లి మాటలు జరుగుతున్న గదిలో ఒకడు ఆపకుండా ఈల వేస్తున్నట్టు ఉంటుంది వ్యవహారం. మీ సొంత రౌటరే కావాలనుకుంటే మోడెమ్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైనుని అలాగే దాటించే పద్ధతిలో) పెట్టమని కంపెనీని అడగండి. కొన్నిచోట్ల, ముఖ్యంగా ఆఫీసు లైన్లకి, విడిగా ఒక పోగు నేరుగా ఇచ్చి చివర మీడియా కన్వర్టర్ వాళ్లే పెడతారు, అలాంటిదైతే వాళ్లని అడిగి సరైన ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్‌తో (ఫైబర్ పట్టేలా స్విచ్‌లో గుచ్చే చిన్న ముక్క) మీ స్విచ్‌లోకి తీసుకోవచ్చు.

ప్రశ్న: కన్వర్టర్ గిగాబిట్ అని రాసి ఉంది, రెండువైపులా స్విచ్‌లు కూడా గిగాబిట్టే. ఫైలు కాపీ చేస్తే మాత్రం సెకనుకి 11 మెగాబైట్లు దాటట్లేదు. ఫైబర్ పెట్టింది ఇందుకా?

జవాబు: ఆ 11 అన్న అంకె భలే సాక్ష్యం. 100 మెగాబిట్ల లింక్‌ని 8తో భాగిస్తే 12.5, అందులో తరుగు పోతే మిగిలేది సరిగ్గా 11 చిల్లరే. గిగాబిట్ అయితే 110 పైన కనబడాలి. అంటే దారిలో ఎక్కడో ఒక రాగి ముక్క 100కి దిగిపోయింది, ఫైబర్‌ని తిట్టకండి. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు, కాబట్టి కనెక్టర్లో ఒక తీగ సరిగ్గా నొక్కుకోకపోతే చాలా పోర్టులు నోరెత్తకుండా 100కి దిగి నడిచిపోతుంటాయి. కన్వర్టర్ నుంచి స్విచ్‌కి వెళ్లే ఆ మూరెడు కేబుల్ మార్చి చూడండి. గిగాబిట్‌ని చూపే లైటు విడిగా ఉంటే అది వెలుగుతోందో లేదో గమనించండి.

స్పీడు 11 కాకుండా ఇంకా ఘోరంగా, ఒకటి, రెండు మధ్య ఊగిసలాడుతుంటే మాత్రం రోగం వేరే. ఎవరో ఒక పోర్టుని 100 ఫుల్ డ్యూప్లెక్స్ (ఒకేసారి పంపడం, వినడం) అని చేత్తో బిగించి ఉంటారు, ఎదుటి పోర్టు ఆటోలో ఉంటుంది. ఆటో వాడికి స్పీడు ఎంతో తెలుస్తుంది కానీ డ్యూప్లెక్స్ తెలీదు, నిబంధన ప్రకారం హాఫ్ (ఒకరి తర్వాత ఒకరు) అనుకుంటాడు. ఒకడు ఎప్పుడు పడితే అప్పుడు మాట్లాడేస్తాడు, ఇంకోడు అది తాకిడి అనుకుని ప్రతిసారీ వెనక్కి తగ్గుతాడు. పింగ్ బాగానే వస్తుంది, అసలు పని మొదలయ్యాకే నత్తనడక. రెండూ ఆటోలో పెట్టేయండి, బిగించి పెట్టాల్సిన రోజులు పోయాయి.

ప్రశ్న: డిప్ స్విచ్‌లలో ఎల్‌ఎఫ్‌పీ అని ఒకటి ఉంది. ఆన్ చేయాలా, ఆఫ్ చేయాలా?

జవాబు: లింక్ ఫాల్ట్ పాస్ త్రూ. ఫైబర్ తెగిపోయిందనుకోండి, ఇది ఆఫ్‌లో ఉంటే కన్వర్టర్ రాగి వైపు లింక్‌ని అలాగే నిలబెట్టి ఉంచుతుంది. మీ స్విచ్‌కి, రౌటర్‌కి లైను చచ్చిందని తెలీదు, లైటు పచ్చగా వెలుగుతూనే ఉంటుంది, రెండో లైను ఉన్నా దానికి మారదు. ఆన్ చేస్తే ఒకవైపు పోయిన లింక్‌ని ఇంకోవైపు కూడా పడగొట్టి చూపిస్తుంది. కాబట్టి రోజువారీ వాడకంలో ఆన్ మంచిది, బ్యాకప్ లైను ఉన్నవాళ్లకి అయితే తప్పనిసరి. కానీ బిగించే రోజు ఆఫ్‌లో పెట్టుకోండి! అది ఆన్‌లో ఉండి, అవతలి చివర రాగి కేబుల్ ఇంకా గుచ్చకపోతే, ఇవతల టీపీ లైటు కూడా ఆరిపోతుంది, మంచి పెట్టెని చెడిందనుకుని తిప్పి పంపేస్తారు. అన్ని లైట్లూ వచ్చాక ఆన్ చేసి, ఒకసారి ఫైబర్ పీకి చూసి, రెండు చివర్లా లింక్ పడిందని తేల్చుకుని మళ్లీ గుచ్చండి. కొన్ని పెట్టెలు డిప్ స్విచ్ మార్పుని పవర్ తీసి పెట్టాకే పట్టించుకుంటాయి, అదీ చూసుకోండి.

ప్రశ్న: దూరంగా గేటు దగ్గర సీసీ కెమెరా ఉంది. కెమెరాకి పీఓఈ, అంటే నెట్‌వర్క్ కేబుల్ మీదే వచ్చే కరెంటు, కావాలి. ఫైబర్‌లో కరెంటు వెళ్తుందా?

జవాబు: వెళ్లదు, గాజు కదండీ. గేటు దగ్గర ఎలాగైనా కరెంటు పాయింటు కావాలి. అక్కడ పీఓఈ ఇచ్చే మీడియా కన్వర్టర్ పెట్టుకోవచ్చు, కెమెరా ఎంత తీసుకుంటుందో చూసుకోండి, మామూలు పీఓఈ పోర్టు 15.4 వాట్ల దాకా ఇస్తుంది, పీఓఈ ప్లస్ 30 దాకా. తిరిగే కెమెరాలకి, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగే వాటికి మొదటిది చాలకపోవచ్చు. పగలంతా బాగుండి చీకటి పడగానే కెమెరా రీస్టార్ట్ అవుతోందంటే కారణం ఇదే అయివుంటుంది.

ప్రశ్న: ఎందుకైనా మంచిదని 80 కిలోమీటర్ల ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్లు వేశాను, దూరం 300 మీటర్లే. లింక్ తరచూ పోతోంది. ఇంకా శక్తిమంతమైనది కావాలా?

జవాబు: అయ్యో, ఉన్న శక్తే ఎక్కువైంది. కాంతి బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు, మైనస్ పక్కన అంకె పెద్దదయ్యేకొద్దీ బలం తక్కువ; దారిలో తరిగేదాన్ని డీబీల్లో చెబుతారు. 10 కిలోమీటర్ల గిగాబిట్ మాడ్యూల్ మైనస్ 9, మైనస్ 3 డీబీఎంల మధ్య పంపుతుంది, మైనస్ 20 దగ్గరదాకా చదవగలదు. 80 కిలోమీటర్లది సున్నా నుంచి ప్లస్ 5 దాకా పంపుతుంది, దాని రిసీవర్ మాత్రం మైనస్ 3 దాటితే తట్టుకోలేదు. సింగిల్ మోడ్‌లో 1550 దగ్గర కిలోమీటరుకి పోయేది పావు డీబీ కూడా ఉండదు, మీ 300 మీటర్లలో తరిగేది ఏమీ లేనట్టే, కనెక్టర్లలో ఒకటో రెండో డీబీ పోయినా చాలదు. చెవి దగ్గర మైకు పెట్టి అరిచినట్టు అన్నమాట. 10 కిలోమీటర్ల మాడ్యూళ్లు వేయండి. అవి వచ్చేదాకా వీటితోనే నడపాలంటే మధ్యలో కాంతిని తగ్గించే 10 డీబీ అటెన్యుయేటర్ పెట్టండి, రిసీవర్ పాడవకుండా ఉంటుంది.

ప్రశ్న: కాంతి వస్తోందో లేదో చూద్దామని ఫైబర్ కొసలోకి చూశాను. ఏమీ కనబడలేదు. కంటికేమైనా అవుతుందా?

జవాబు: 1310, 1550 నానోమీటర్లు కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్. అవతల పూర్తిగా వెలుగుతున్నా మీకు చీకటే కనబడుతుంది, అందుకని ఆ పరీక్ష వల్ల తెలిసేది ఏమీ లేదు. మామూలు మీడియా కన్వర్టర్లలో ఉండేవి సాధారణంగా క్లాస్ 1 (మామూలు వాడకంలో కంటికి హాని చేయని తరగతి) లేజర్లు, ఒకసారి అలా చూసినందుకు భయపడక్కర్లేదు, కానీ ఆ పోగు అవతల ఏ యంత్రం ఉందో మనకి అన్నిసార్లూ తెలీదు కాబట్టి అలవాటు చేసుకోకండి. ఫోన్ కెమెరాని కూడా నమ్మొద్దు, 850 నానోమీటర్లు కొన్ని ఫోన్లలో కనబడతాయేమో గానీ 1310 కనబడదు. నా దృష్టిలో అసలు ప్రమాదం లేజర్ కాదు, జాయింటు వేసేటప్పుడు తెగి పడే గాజు ముక్కలు. కనబడవు, వేల్లో దిగితే తీయడం మహా కష్టం. వాటిని అప్పటికప్పుడు టేపుకి అంటించి మూతున్న డబ్బాలో వేయండి, ఆ బల్ల దగ్గర తినడం, కళ్లు నులుముకోవడం చేయకండి.